నెక్స్ట్ స్లైడ్ ప్లీజ్

మొన్న చలి ఎక్కువైందని అటక మీది రూమ్ హీటర్ దించి ప్లగ్గు పెట్టాను. ఏడాదిగా కాయిల్ మీద పేరుకున్న దుమ్ము కాలి గదంతా మాడు వాసన. మా ఆవిడ వంటింట్లోంచి "ఏంటది, ఏమన్నా కాలుతోందా?" అని కేకేసింది. నాకు మాత్రం ఆ వాసనకి చీకటి హాలు గుర్తొచ్చింది. ఫ్యాన్ రొద, తెర మీద కాస్త వంకరగా పడ్డ చార్మినార్, మైకు ముందు నిలబడ్డ పెద్దమనిషి "నెక్స్ట్ స్లైడ్ ప్లీజ్" అనడం, నేను బటన్ నొక్కడం, టక్... టక్ అని ట్రే తిరగడం.

నా మొదటి ఉద్యోగం కోఠీలో ఒక ఫొటో స్టూడియోలో. స్టూడియో మాకు మేనమామ వరసయ్యే ఆయనది. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్ళి ఆల్బమ్‌లు మామూలే, అవి కాక స్లైడ్ ప్రొజెక్టర్లు అద్దెకిచ్చేవాడు. డాక్టర్ల సమావేశాలు, మందుల కంపెనీల మీటింగులు బాగానే ఉండేవి, డబ్బు కూడా వాటిలోనే వచ్చేది. కానీ ఏ సీజన్‌తోనూ పని లేకుండా వచ్చే గిరాకీ ఇంకొకటుండేది. హైదరాబాద్ కట్టడాల గురించి, వీధుల గురించి, అసలు ఈ ఊరు ఎలా పెరిగిందనే దాని గురించి సాయంత్రాలు జరిగే ఉపన్యాసాలు. మామకు వాటిమీద పెద్ద గౌరవమేమీ లేదు. "పైసలు లేట్‌గ ఇస్తరు, చాయ్ మాత్రం జల్ది ఇస్తరు" అనేవాడు. పెద్ద ప్రోగ్రాములకు సీనియర్ కుర్రాడిని పంపి, వీటికి నన్ను పంపేవాడు. అలా అవి నా వాటాకు వచ్చాయి.

వాటన్నిటికీ కలిపి ఒక పేరంటూ ఉండేది కాదు. ఒకసారి వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ అనే సంస్థ హైదరాబాద్ శాఖ వాళ్ళు పెట్టేవారు, ఒకసారి ఆర్కిటెక్టులు, ఒకసారి ఇంజినీర్లు, ఇంకోసారి ఏదో కాలేజీ. సాలార్‌జంగ్ మ్యూజియం కావచ్చు, ఖైరతాబాద్ ఇంజినీర్ల భవనం కావచ్చు, మాసాబ్ ట్యాంక్ ఆర్కిటెక్చర్ కాలేజీ కావచ్చు. హాలు మారేది, వెనక బ్యానర్ మారేది, కుర్చీల్లో మనుషులు మాత్రం వాళ్ళే. మాట్లాడేవాళ్ళు కూడా ఇంచుమించు వంతులవారీగా వాళ్ళే. ఈ వారం వేదిక మీద ఉన్నాయన వచ్చేసారి మూడో వరసలో కూర్చుని వేరే ఆయన్ని ప్రశ్నలతో ఇబ్బంది పెట్టేవాడు. అందుకే నా దృష్టిలో అదంతా ఒకటే కార్యక్రమం, ఏళ్ళ తరబడి హాళ్ళు మారుతూ నడిచింది.

ప్రొజెక్టర్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళేవాణ్ణి. ఆటోకి డబ్బులివ్వని రోజున బస్సు. డబుల్ డెక్కర్ దొరికితే పైకెక్కకుండా కిందే, డ్రైవర్ వెనక సీట్లో. "బల్బు పోయిందంటే నీ జీతంల పడ్తది చూస్కో" అని మామ ప్రతిసారీ చెప్పేవాడు కాబట్టి గుంతలు రాగానే పెట్టెను రెండు చేతులతో పైకి లేపి పట్టుకునేవాణ్ణి. చూసేవాళ్ళు ఏదో బాంబు తీసుకెళ్తున్నాడనుకున్నా ఆశ్చర్యం లేదు.

ఇప్పటి పిల్లలకి ఆ యంత్రం చూపిస్తే తెలియదు. నల్లటి గుండ్రని ట్రే, దాని చుట్టూ 80 సందులు, ఒక్కో సందులో ఒక్కో స్లైడ్. స్లైడ్ అంటే అట్టముక్క ఫ్రేములో బిగించిన పాజిటివ్ ఫిల్మ్, రెండంగుళాల పలక. బటన్ నొక్కితే ట్రే ఒక సందు జరిగి, స్లైడ్ కిందికి జారి దీపం ముందు నిలబడుతుంది. స్లైడ్‌ను తలకిందులుగా పెట్టాలి, అదీ ఎడమా కుడీ చూసుకుని. దానికో పద్ధతుంది. బొమ్మ సరిగ్గా కనబడేలా వెలుతురులో పట్టుకుని, ఫ్రేము కింది ఎడమ మూలన పెన్నుతో చుక్క పెట్టాలి. ఇప్పుడు దాన్ని తిప్పి తలకిందులు చేసి ట్రేలో వేస్తే ఆ చుక్క పైన కుడి మూలకి వస్తుంది. ట్రే నిండాక పైనుంచి చూస్తే చుక్కలన్నీ ఒకే గీత మీద గుండ్రంగా తిరగాలి. ఎక్కడ చుక్క మాయమైతే అక్కడ మక్కా మసీదు గాల్లో వేలాడుతుందన్నమాట. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా చుక్కల్లేని స్లైడ్లు బిస్కెట్ల డబ్బాలో వేసుకుని కార్యక్రమానికి పది నిమిషాల ముందు వచ్చి నా చేతిలో పెట్టేవాళ్ళు. నేను కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్కటీ వెలుతురులో చూస్తూ చుక్కలు పెట్టుకునేవాణ్ణి. ఈ నగరాన్ని నేను మొదట చూసింది అలాగే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని.

బల్బు మార్చేటప్పుడు వేలు తగలకూడదు. చేతి జిడ్డు గాజుకి అంటితే వేడికి అక్కడే పేలుతుంది. రుమాలుతో పట్టుకోవాలి. ఇంకొకటి, స్లైడ్ దీపం ముందుకి రాగానే వేడికి ఫిల్మ్ చిన్నగా ఉబ్బి ఫోకస్ పోతుంది, తెర మీద కమాను మసకబారుతుంది, లెన్స్ మీద చెయ్యి వేసుకునే కూర్చోవాలి. ఉపన్యాసం చెప్పేవాడు ఒకే స్లైడ్ మీద పావుగంట మాట్లాడితే నాకు టెన్షన్, ఫిల్మ్ ఏమైపోతుందోనని. కొందరు మరీ ప్రేమగా మాట్లాడేవాళ్ళు.

ప్రొజెక్టర్ హాలు మధ్యలో కొంచెం వెనగ్గా పెట్టేవాళ్ళం, తెర సరిపోవాలంటే అంత దూరం కావాలి. దాంతో నా చోటు ఎప్పుడూ వెనక వరసల పక్కన. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, వేదిక మీది మాటల్లో సగం తలమీంచి పోయేవి. వెనక వరసల్లో ఉర్దూలోనూ తెలుగులోనూ గొణుక్కునేవి మాత్రం ఒక్కటీ పోయేది కాదు. ఆ ఉపన్యాసాల్లో నేను నేర్చుకున్నదేమన్నా ఉంటే అది అటువైపు నుంచే.

ముందు వరసల్లో ఆర్కిటెక్టులు, పదవీ విరమణ చేసిన పీడబ్ల్యూడీ ఇంజినీర్లు, ఒకరిద్దరు విదేశీయులు, ఖాదీ చీరల్లో మేడమ్‌లు. మధ్యలో కాలేజీ పిల్లలు, వీపు మీద డ్రాయింగ్ గొట్టాలతో. అటెండెన్స్ కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ, అయినా ఇద్దరు ముగ్గురు నిజంగా రాసుకునేవాళ్ళు. వెనక పాతబస్తీ పెద్దమనుషులు, షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని, టోపీ మోకాలి మీద ఉంచుకుని కూర్చునేవారు. వాళ్ళ పక్కన చాయ్ కోసం వచ్చే ఒకాయన ఉండేవాడు. ఏ హాలులో ఏం జరిగినా వచ్చేవాడు, కవి సమ్మేళనమైనా గుండెజబ్బుల సదస్సయినా. ఆయన్ని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఒక్కోసారి ఆయన అడిగిన ప్రశ్నే అన్నిటికంటే బాగుండేది.

ఒక సాయంత్రం హైకోర్టు గురించి. మూసీ ఒడ్డున ఎర్రరాయి గుమ్మటాలు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఇవతల సిటీ కాలేజీ, దూరంగా కాచిగూడ స్టేషను, ఇవన్నీ విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు ఖాతాలో ఒకదాని తర్వాత ఒకటి తెర మీదికొస్తున్నాయి. కాచిగూడ స్టేషను 1916 నాటిది, దాని ముఖం మీద ఆ పొడుగు గుమ్మటాలు ఎందుకలా ఉన్నాయో చాలా చక్కగా చెప్పాడాయన. ఉపన్యాసం అయింది. లైట్లు వేశారు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, చెయ్యి కూడా ఎత్తకుండా, "సాబ్, శంకర్‌లాల్ పేరెందుకు చెప్పలేదు?" అన్నాడు ఉర్దూలో. హైకోర్టు నక్షా గీసింది జైపూర్ శంకర్‌లాల్, కట్టించింది ఇక్కడి ఇంజినీరు మెహర్ అలీ ఫాజిల్, ఈ మాట కోర్టు చరిత్రలోనే రాసుంది, మీరు మాత్రం మొత్తం ఒక్క దొరకే కట్టబెట్టారు అని. కోపం లేదు ఆ గొంతులో, పెళ్ళి పత్రికలో పేరు మర్చిపోయిన బంధువుని అడిగినట్టు అడిగాడు. ఉపన్యాసకుడు మంచివాడే, నోట్‌బుక్కు తీసి ఆ పేర్లు రాసుకున్నాడు. ఆ తర్వాత అదే ఉపన్యాసం వేరే చోట ఇచ్చినప్పుడు రెండు పేర్లూ చెప్పాడు. అప్పుడూ ప్రొజెక్టర్ నాదే కాబట్టి నాకు తెలుసు.

ఆ తర్వాత నాకూ ఒక అలవాటు పట్టుకుంది, ఏ బిల్డింగు చూసినా ఎవరు గీశారు, ఎవరు కట్టారు అని వేరువేరుగా అడగడం. ఆర్ట్స్ కాలేజీ గురించి విన్నప్పుడు కూడా అంతే. బెల్జియం వాడు జాస్పర్ అన్నది అందరూ చెప్తారు. అంతకుముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దర్ని దేశదేశాల యూనివర్సిటీలు చూసి రమ్మని పంపారనేది, వాళ్ళు తిరిగొచ్చాకే ఆ పని మొదలైందనేది వెనక వరసలో విన్నాను. 1939లో తెరిచిన ఆ బిల్డింగు లోపల స్తంభాలు అజంతా ఎల్లోరా తరహాలో, కమానులు ఇస్లామీ తరహాలో ఉంటాయి. స్లైడ్‌లో చూసి, తర్వాతి ఆదివారం పోయి మెట్ల మీద కూర్చుని చూశాను. ఉస్మానియాలో చదువుకున్నవాళ్ళకి ఇదంతా పాత కథే. చదువుకోనివాణ్ణి కాబట్టి నాకు కొత్త.

సున్నం సంగతి చెప్పాలి. ఇది ఎక్కడ చెప్పినా నాకు హుషారు.

అప్పట్లో ప్రతి ఉపన్యాసంలోనూ ఒక స్లైడ్ తప్పకుండా ఉండేది: పాత గోడ, దాని మీద సిమెంటు అతుకు, అతుకు చుట్టూ నల్లటి తడి మరక. చెప్పేవాడు "ఇది చాలా దారుణం" అని ఇంగ్లీషులో బాధపడి ముందుకెళ్ళేవాడు. ఒకరోజు ఎవరో కాంట్రాక్టరు తనతో పాటు ఒక మేస్త్రీని తీసుకొచ్చాడు. పాలమూరు వైపు మనిషి, తెల్ల పంచె, చేతులు గోళ్ళ దాకా సున్నానికి కాలి పొరలు లేచి ఉన్నాయి. చివరి కుర్చీలో కూర్చోమన్నా కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. స్లైడ్ రాగానే నాతో, పక్కన ఎవరూ లేనట్టు, "సిమెంటు పెడ్తే లోపలి తడి బయటికెట్ల వస్తది? ఆడనే ఉండి గోడను తింటది" అన్నాడు. ఆ మాట గట్టిగా చెప్పమని కాంట్రాక్టరు ముందుకి తోశాడు. మైకు ఇస్తే తీసుకోలేదు. హాలు గోడ మీదే బొటనవేలి గోరుతో గీకి చూపించాడు, ఇది ఇసుకెక్కువ, ఇది నిలవదు అని. హాలు వాళ్ళ మొహాలు చూడాలి.

తర్వాత చెప్పాడు డంగు సున్నం ఎట్లా చేస్తారో. కాల్చిన సున్నాన్ని తొట్టిలో నీళ్ళు పోసి రోజుల తరబడి మగ్గబెట్టాలి. ఎంత మగ్గితే అంత మంచిది. తర్వాత గానుగలో వేసి, రాతిచక్రానికి ఎద్దును కట్టి, ఇసుక కలుపుతూ తిప్పాలి. వేళ్ళ మధ్య రాస్తే గరుకు తగలకూడదు. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు, పైపూతకైతే ఇంకా ఏవేవో. పూసిన తర్వాత అద్దంలా మెరిసేదాకా రాయితో రుద్దుతూనే ఉండాలి, ఆడవాళ్ళు పాటలు పాడుకుంటూ రుద్దేవాళ్ళంట. కాలేజీ పిల్లలు అప్పుడు పుస్తకాలు తీశారు. వేదిక మీది ఆయన కూడా మెట్లు దిగొచ్చి మేస్త్రీ పక్కన నిలబడ్డాడు. అరగంట అనుకున్న ప్రశ్నల సమయం ఎంతకూ అవ్వలేదు, వాచ్‌మన్ వచ్చి లైట్లు ఒక్కొక్కటే తీసేస్తూ పోయాడు.

2019లో చార్మినార్ మినారు మీంచి గచ్చు పెళ్ళ ఊడిపడిందని టీవీలో చూపించినప్పుడు నాకు ఆ గోరే గుర్తొచ్చింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు 2013 నుంచి చేసిన మరమ్మతుల్లో సిమెంటు అతుకులన్నీ పీకేసి మళ్ళీ సున్నమే వాడారు. ఆ మేస్త్రీ అప్పటికి ఉన్నాడో లేడో. ఉంటే పిలిచి ఉంటారనుకుంటాను.

కరెంటు పోయిన సాయంత్రం ఒకటుంది. ఆ రోజుల్లో కరెంటు పోవడం వార్త కాదు. అయితే ట్రే నిండా మూసీ వరదల ఫొటోలు, అదీ దొరక్క దొరక్క దొరికినవి, మొదటి స్లైడ్ తెర మీద పడి టక్కున ఆరిపోయింది. జనరేటరు లేదు. మాట్లాడటానికి వచ్చినాయన రిటైర్డ్ ఇంజినీరు, బక్కపల్చటి మనిషి. పది నిమిషాలు చూశారు. వచ్చేట్టు లేదు. అప్పుడాయన మైకు లేదు కదా అని కుర్చీ లాక్కుని జనం మధ్యకొచ్చి కూర్చున్నాడు.

1908 సెప్టెంబరు 28. కొన్ని గంటల్లో పడిన వానకి మూసీ పొంగి ఒడ్డున ఉన్న కొల్సావాడీ, ఘాన్సీబజార్ మీదికొచ్చింది. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిన్నాయి, 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. 15 వేల మంది దాకా పోయారని చెప్తారు. అఫ్జల్‌గంజ్ తోటలో ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా నదికి పట్టుచీర, ముత్యాలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని చెప్పుకుంటారు. ఇక్కడిదాకా చాలామందికి తెలిసిందే. ఆయన అసలు కథ ఆ తర్వాత మొదలుపెట్టాడు, వరద తీశాక ఏం చేశారని. మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించడం, ఆయన నది పుట్టినచోటి దాకా వెళ్ళి లెక్కలు కట్టడం, ఊళ్ళో గోడలు కడితే లాభం లేదు, పైన నీళ్ళు ఆపాలి అనడం. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920కి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. ఈలోగా 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు గల్లీలు వెడల్పు చేశారు, పత్తర్‌గట్టీ రాతి కమానుల బజారు వాళ్ళ పనే. "మనం ఇప్పుడు అందం అనుకుంటున్నదంతా ఆ నీళ్ళ భయంలోంచి పుట్టింది" అన్నాడాయన.

చీకట్లో వెనకనుంచి ఎవరో, మా నాయనమ్మ ఆ చెట్టు మీద ఉన్నది, అన్నారు. ఎవరన్నారో కనబడలేదు. రెండు రాత్రులు కిందికి దిగలేదట, చీర కొంగుతో కొమ్మకి కట్టుకుని, చంకలో పిల్లని, పక్క కొమ్మ మీద పాముని చూసుకుంటూ. పాము తన మానాన తాను ఉన్నది, మేము మా మానాన ఉన్నాం అనేదట ముసలామె. చంకలో పిల్ల ఈయన మేనత్త. కరెంటు వచ్చినప్పుడు ఫ్యాన్లు ఒక్కసారిగా తిరిగాయి, నా ప్రొజెక్టర్‌లో మొదటి స్లైడ్ దానంతటదే వెలిగింది. ఎవరూ తెర వైపు తిరగలేదు. ఆ ట్రే మొత్తం చూపించకుండానే వెనక్కి తెచ్చాను, మామ అద్దె మాత్రం పూర్తిగా వసూలు చేశాడు.

ఇప్పటికీ సెప్టెంబరు 28న ఆ చెట్టు కింద కొంతమంది చేరుతుంటారు. నేనూ ఒకసారి వెళ్ళాను. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఈ మీటింగేంటా అని చూస్తూ పోతున్నారు.

రాళ్ళవాళ్ళ గురించి కూడా రెండు ముక్కలు. 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అని పెట్టారు. రాయిని కాపాడటమేంటి అని మా స్టూడియోలో నవ్వుకున్నాం. వాళ్ళ స్లైడ్లు వెలుతురులో పెట్టి చూస్తే మాత్రం నవ్వు రాలేదు. జూబ్లీహిల్స్ అవతల ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు, ఇప్పుడక్కడ ఏముందో మీకు తెలుసు. నరేంద్ర లూథర్ గారు మాట్లాడేవారు, ఐఏఎస్‌గా చేసి రిటైరైన మనిషి, పంజాబీ అయినా ఈ ఊరి గురించి ఉర్దూలో చమత్కారంగా చెప్తుంటే వెనక వరస టోపీలన్నీ ఊగేవి. బంజారాహిల్స్‌లో ఆయన తన ఇంటిని రాయిని పగలగొట్టకుండా దాని చుట్టూ కట్టుకున్నారు. 2021 జనవరిలో ఆయన పోయారని విన్నప్పుడు, చెప్పుకోవడానికి ఆ రోజుల్లోవాళ్ళెవరైనా ఉన్నారా అని ఫోన్‌లో నంబర్లు వెతికాను. చాలా నంబర్లు పనిచేయలేదు.

అన్నీ తీపి జ్ఞాపకాలేం కాదు. ఒక సాయంత్రం మాత్రం ఆ సభల మీద నాకున్న గౌరవాన్ని కొంచెం కదిలించింది.

పాతబస్తీ దేవిడీల గురించి, అంటే నవాబుల కాలం నాటి పెద్ద పెద్ద ఇళ్ళ గురించి ఉపన్యాసం. వారసత్వ కట్టడాలను కాపాడాలని 1995లో హుడా, అంటే అప్పటి నగరాభివృద్ధి సంస్థ, నిబంధనల్లో కొత్త నియమం, రెగ్యులేషన్ 13 అనేవాళ్ళు, వచ్చింది. జాబితాలో ఉన్న బిల్డింగుని అనుమతి లేకుండా కూల్చకూడదు, మార్చకూడదు. అందరూ సంతోషంగా ఉన్నారు, సంతోషపడాల్సిందే. దేవిడీల స్లైడ్లు వస్తున్నాయి, టేకు స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు, మధ్యలో ఎండిన ఫౌంటెన్. ప్రశ్నల సమయంలో ఒక నడివయసు ఆమె లేచింది. "ఇందాక చూపించారే, మెట్ల దగ్గర మేకని కట్టేసిన ఇల్లు, అది మా అత్తగారిల్లు" అంది. నవ్వారు కొందరు. ఆమె నవ్వలేదు. పై కప్పు దూలాలు చెదలు పట్టాయి, వానాకాలం మూడు గదులు ఖాళీ చేసి ఒక గదిలో పడుకుంటాం, వాటాదారులు ఎంతమందో మాకే సరిగ్గా తెలియదు, కొందరు కరాచీలో, కొందరు షికాగోలో. అమ్ముదామంటే ఇది లిస్టులో ఉందంటున్నారు. ఉంచుదామంటే దూలానికి డబ్బులెవరిస్తారు? మీలో ఎవరైనా ఇస్తారా?

వేదిక మీద "చాలా ముఖ్యమైన ప్రశ్న" అన్నారు. ఆ తర్వాత దానికి జవాబు రాలేదు. ఇంకెవరో మాట మార్చారు, చాయ్ వచ్చింది. ఆమె చాయ్ తాగకుండా వెళ్ళిపోయింది. ఆమెతో వచ్చిన కుర్రాడు వెళ్తూ వెళ్తూ నన్ను ఆ స్లైడ్ ఒకటి ఇస్తారా అని అడిగాడు, నాది కాదు కదా, ఇవ్వలేకపోయాను.

నా అభిప్రాయం అడిగితే, ఆ ఉపన్యాసాలకి వచ్చేవాళ్ళు అప్పటికే ఒప్పుకున్నవాళ్ళు. కూల్చేవాళ్ళు రారు, కూల్చక తప్పనివాళ్ళు ఎప్పుడో ఒకసారి ఆమెలా వస్తారు, వస్తే వాళ్ళకి చెప్పేందుకు మా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆ నియమం కూడా 2015 చివర్లో పోయింది, 2017లో తెలంగాణకి వేరే చట్టం వచ్చింది. మేక కట్టేసిన దేవిడీ అంతకుముందే పోయింది. ఆ గల్లీలో ఇప్పుడు ఫంక్షన్ హాలుంది.

అయితే ఉపన్యాసాలు ఉత్తిమాటలే అనేవాళ్ళతో కూడా నాకు పడదు. 2019లో కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్‌ని కూల్చాలనుకున్నప్పుడు కోర్టుకెళ్ళినవాళ్ళు, రోడ్డు మీద ప్లకార్డు పట్టుకున్నవాళ్ళు గాల్లోంచి రాలేదు. టీవీలో చూస్తుంటే ఒకప్పుడు డ్రాయింగ్ గొట్టాలతో మధ్య వరసల్లో కూర్చున్న మొహాలు కొన్ని, జుట్టు నెరిసి, కనబడ్డాయి. హైకోర్టు ఆ కూల్చివేత కుదరదంది. మొజంజాహీ మార్కెట్ 2020లో బాగుచేశాక చూడ్డానికి వెళ్తే గడియారం స్తంభం కింద ఐస్‌క్రీం తింటూ ఒకమ్మాయి తన స్నేహితురాలికి ఇది గ్రానైట్ రాయి, 1935లో కట్టారు అని చెప్తోంది. ఎక్కడ విన్నదో.

యంత్రం సంగతి తొందరగానే ముగిసింది. ముందు కాలేజీ పిల్లలు లాప్‌టాప్‌లు తెచ్చారు, తర్వాత హాళ్ళే ఎల్‌సీడీలు కొనుక్కున్నాయి. కొడాక్ వాళ్ళు 2004లో స్లైడ్ ప్రొజెక్టర్లు చేయడం మానేశారు. మామ అంతకుముందే రెండిట్లో ఒకటి అమ్మేశాడు, రెండోదాన్ని కొనేవాళ్ళు లేరు. నేను వీడియోల వైపు మళ్ళాను, తర్వాత సొంత షాపు, అది వేరే కథ. కొన్నాళ్ళు ఉపన్యాసాలకి ఊరికే ప్రేక్షకుడిగా వెళ్ళాను. బటన్ లేకుండా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

2010లో బంజారాహిల్స్‌లో లామకాన్ తెరిచాక ఇలాంటి మాటలన్నీ అటు చేరాయి. బండల మధ్య పాత ఇల్లు, ఆరుబయట మెట్ల మీద కూర్చోవడం, సమోసా, చాయ్. చాలా బాగుంటుంది, ఎవరైనా రావచ్చు, వయసు ముప్పై దాటినవాళ్ళు తక్కువ. ఇప్పుడైతే ఆదివారం పొద్దున్నే వాకింగ్ టూర్లు, రీల్స్. ఒక కుర్రాడు అరనిమిషంలో మొహర్రం పీర్లుండే బాద్షాహీ ఆశుర్‌ఖానా గోడల మీది రంగు పలకల పని మొత్తం చెప్పేశాడు, తప్పులేం లేవు, నేను రెండుసార్లు చూశాను. వెనక వరస ఉండి ఉంటే ఇంకో గంట పట్టేది. పెద్దమనుషులకి యూట్యూబ్‌లో లేచి నిలబడి "సాబ్, ఏక్ మినిట్" అనే వీలు లేదు కదా.

స్టూడియో ఖాళీ చేసినప్పుడు మామ పాత స్లైడ్లు కొన్ని నాకిచ్చాడు. ఎవరో ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళనివి, డూప్లికేట్ చేయమని వదిలేసినవి. చాలావాటికి బూజు పట్టింది, కొన్ని ఎర్రగా తిరిగిపోయాయి. బాగున్నవాటిని కూతురు ఈమధ్య స్కాన్ చేయించింది. దాదాపు అన్నీ గుర్తుపట్టాను, ఒక్కటి తప్ప.

ఒక పెద్ద దర్వాజా. కమాను పైన గచ్చుతో చేసిన రెండు చేపలు, ఎదురెదురుగా, ఎడమ చేపకి తోక విరిగిపోయింది. పైన నక్కార్‌ఖానా, అంటే నగారా మోగించే గది, దాని కిటికీలో తువ్వాలు ఆరేసి ఉంది. కుడిపక్క పాన్ డబ్బా, దాని బోర్డు మీద తెలుగులో "...గంజ్" అనే చివరి అక్షరాలు మాత్రమే ఫ్రేములోకి వచ్చాయి. ముందు బజాజ్ స్కూటర్. ఫ్రేము మీద పెన్సిల్‌తో "గేట్, ఉత్తరం" అని ఇంగ్లీషులో ఉంది, అంతే. హుస్సేనీ ఆలం అని ఒకాయన అన్నాడు, కానేకాదు దారుల్‌షిఫా వెనక అని ఇంకొకాయన. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు, తేలలేదు. షాలిబండ, మీర్‌చౌక్, హుస్సేనీ ఆలం వైపు పుట్టి పెరిగిన పెద్దవాళ్ళు మీ ఇళ్ళల్లో ఎవరైనా ఉంటే ఈ చేపల తోక సంగతి ఒకసారి అడిగి చూడండి. అడిగితే స్కాన్ పంపిస్తాను.